పడ్డాక తెలిసిన హెలికాప్టర్

హెలికాప్టర్ ఎలా ఎగురుతుందో తెలుసుకోవాలనుంటే, కిందపడి దెబ్బతిన్న దాన్నొకటి బల్ల మీద పెట్టుకుని విప్పండి. గాల్లో ఉన్నంతసేపూ అది తన గుట్టు ఏదీ బయటపెట్టదు. రెక్కలు తిరుగుతుంటే కంటికి ఓ పలచని వలయం తప్ప ఏమీ ఆనదు. పడ్డాక మాత్రం దాచుకోవడానికేమీ ఉండదు. ఏది వంగిందో, ఏది విరిగిందో, ఏది చెక్కుచెదరకుండా ఉందో చూస్తూ పోతే ఒక్కో ముక్కా తన పనేమిటో తనే చెప్పేస్తుంది. ఈ సంగతి నాకు ఈమధ్యే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నాను. ఇప్పుడు మీకూ చెబుతాను.

మేముండేది హైదరాబాద్ శివార్లలోని బహదూర్‌పల్లిలో. ఇక్కడ ఉంటూ ఆకాశం వైపు చూడకుండా ఉండటం కష్టం. ఒక పక్క దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. 1967లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిన చోటు. అక్కడి కుర్ర పైలట్లు నేర్చుకునే పిలాటస్ విమానాలు పొద్దున్నే మా మేడల మీదుగా చక్కర్లు కొడతాయి. ఇంకో పక్క హకీంపేట. వాయుసేన హెలికాప్టర్ పైలట్లకు శిక్షణ ఇచ్చే బడి అక్కడే ఉంది. చేతక్ హెలికాప్టర్ మన సేవలో చేరి అరవై ఏళ్ళయిన సందర్భాన్ని 2022 ఏప్రిల్‌లో హకీంపేటలోనే ఘనంగా జరిపారు. అంటే దేశంలో హెలికాప్టర్ గురించి బాగా తెలిసిన మనుషుల్లో చాలామంది మా ఇంటికి కూతవేటు దూరంలోనే చదువుకున్నారన్నమాట. నేనేమో కామర్స్ చదివి, జీవితమంతా ఖాతా పుస్తకాలతో గడిపినదాన్ని. ఆ టపటప చప్పుడు వినగానే బాల్కనీలోకి వెళ్ళి చూడటం అలవాటే కానీ, అదెందుకు పైన నిలబడుతోందో ఎప్పుడూ అడగలేదు. అడగాలన్న ఊహ మా కింది ఫ్లాట్ పిల్లవాడి వల్ల పుట్టింది.

ఆ అబ్బాయి ఇక్కడే ఓ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్నాడు. వాడి దగ్గర జానెడున్నర పొడవుండే మోడల్ హెలికాప్టర్ ఒకటుంది. రిమోట్‌తో నడుస్తుంది. బొమ్మల దుకాణాల్లో దొరికే రకం కాదది. అసలు హెలికాప్టర్ ఏ పద్ధతిలో ఎగురుతుందో అచ్చంగా అదే పద్ధతిలో, చిన్న కొలతలో తయారైన యంత్రం. వాడు దాన్ని ఆరుబయట ఎగరేయడు. దుండిగల్, హకీంపేటల మధ్య ఉన్నవాళ్ళం కదా, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో ఏదైనా ఎగరేయాలంటే ముందుగా కేంద్రం అనుమతి కావాలి. ఏ చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవచ్చు. శిక్షణ విమానాలు తిరిగే చోట ఆటలాడకూడదని ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు కూడా. అందుకని గుండ్లపోచంపల్లి వైపు వాళ్ళ బంధువులకున్న ఖాళీ గోడౌన్ తాళం తీసుకుని, రేకుల కప్పు కింద ఎగరేస్తాడు. ఓ ఆదివారం వాళ్ళమ్మ "అక్కా, మీరూ రండి, ఇంట్లో కూర్చుని ఏం చేస్తరు" అంటే వెళ్ళాను.

పైకి లేచిన క్షణం నుంచే నా కళ్ళు పెద్దవైపోయాయి. అంత చిన్నది గాల్లో ఒక్కచోట మేకు కొట్టినట్టు ఆగింది. పక్కకు జరిగింది, వెనక్కి వచ్చింది, ఉన్నచోటే ముక్కు తిప్పి మమ్మల్ని చూసింది. ఆ తర్వాత ఉన్నట్టుండి మొత్తం ఒళ్ళంతా గిర్రున తిరగడం మొదలెట్టింది. వాడు వెంటనే ఏదో స్విచ్ వేశాడు. మోటారు ఆగింది, హెలికాప్టర్ సిమెంటు నేల మీద పడింది. రెక్క ముక్క ఒకటి నా చెప్పుల దాకా జారుకుంటూ వచ్చింది.

నాకు ప్రాణం ఉసూరుమంది. వాడి మొహం చూద్దునా, వెలిగిపోతోంది!

"ఏం కాదు ఆంటీ, దా చూద్దాం, ఏమేం పోయినయో" అంటూ ముక్కలన్నీ ఏరడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం వాళ్ళింటి డైనింగ్ టేబుల్ మీద పాత తెల్ల టవల్ పరిచి (రాలిన స్క్రూ దొర్లిపోకుండా ఉండటానికి) వాడు విప్పుతుంటే, నేను భూతద్దం పట్టుకుని రాత్రి భోజనాల వేళ దాకా కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నేను కూర్చున్న పాఠాలన్నిటిలోకి గొప్ప పాఠం అదే.

ముందు, అదెందుకు గిర్రున తిరిగిందో చెబుతాను. తోకన చిన్న మోటారు, దానికో చిన్న రెక్క ఉంటాయి. ఆ మోటారుకు వెళ్ళే తీగ టంకం దగ్గర ఊడింది. పైన పెద్ద రెక్కను మోటారు ఒకవైపు తిప్పుతుంటే, కింద ఒళ్ళు రెండోవైపు తిరగాలని చూస్తుంది. న్యూటన్ చెప్పిన చర్య, ప్రతిచర్యే. తోక రెక్క గాలిని పక్కకు తోస్తూ ఆ తిరుగుడును ఆపుతుంది. ఇది స్కూల్లో బట్టీ పట్టిన సంగతే. కానీ ఓ టంకం చుక్క ఊడగానే ఆ సూత్రం కళ్ళముందు విశ్వరూపం చూపించింది. ఇంకెప్పటికీ మరచిపోలేను. వాడు వేసిన స్విచ్ పేరు థ్రాటిల్ హోల్డ్. పడుతోందని తెలిసిన క్షణంలో పెద్ద మోటారును ఆపేయడానికి. ఆపకపోతే నేలకు తగిలి ఇరుక్కున్న రెక్కను మోటారు ఇంకా తిప్పాలని చూసి, గేర్ పళ్ళు రాలగొట్టి, తనూ కాలిపోతుంది.

ఆ తర్వాత బ్యాటరీ. అన్నిటికంటే ముందు దాన్నే తీసి బయట ఇసుక పోసిన మట్టి చట్టిలో పెట్టాడు. లిథియం పాలిమర్ బ్యాటరీ దెబ్బ తింటే వెంటనే కాకుండా కాసేపటికి ఉబ్బి అంటుకోవచ్చట. ఉబ్బలేదని తేలాక వోల్టేజీ చూశాడు. ఈ బ్యాటరీ నిండుగా ఉంటే 4.2 వోల్టులు. మూడు కంటే కిందికి పోతే పాడవుతుంది. వాడకుండా దాచాలంటే 3.8 దగ్గర ఉంచాలి. అంత చిన్నదానికి ఇంత పద్ధతీ పాడూ ఉందని తెలిసి నాకు దాని మీద గౌరవం పెరిగింది.

ఇక తల. హెలికాప్టర్ ప్రాణం ఉండేది అక్కడే. రెండు రెక్కల్నీ పట్టుకునే పిడులు రెండు, ఆ పిడుల మధ్యగా అడ్డంగా దూరి ఉండే సన్నని ఉక్కు కడ్డీ ఒకటి. స్పిండిల్ అంటారు. మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. వాడు దాన్ని బయటికి లాగి అద్దం ముక్క మీద దొర్లించాడు. దొర్లుతూ దొర్లుతూ ఓ చోట ఎగిరెగిరి పడింది. కంటిని అద్దం అంచుకు ఆనించి చూస్తే కడ్డీ కింద సన్నటి వెలుతురు గీత. అంటే వంగింది.

"ఇది వంగింది కాబట్టే మిగతా తల అంతా బచాయించింది ఆంటీ."

ఆ మాటకు నా ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి. ఆ కడ్డీ పెట్టిందే వంగడానికట! ఎగిరేటప్పుడు గట్టిగా నిలవాలి, పడ్డప్పుడు ముందుగా లొంగిపోవాలి. ప్లాస్టిక్ గేర్ కూడా అంతే. పళ్ళు పోగొట్టుకుని మోటారును కాపాడుతుంది. కదలికను మోసే చిన్న పుల్లల్ని లింకులంటారు, అవి గుండ్రటి గుండ్ల మీద కూర్చుంటాయి. దెబ్బ తగలగానే లింకు గుండు మీద నుంచి టప్పున ఊడిపోతుంది, లోపల దాన్ని కదిపే చిన్న సర్వో మోటారు బతుకుతుంది. ఊడిన లింకును వేలితో నొక్కితే మళ్ళీ టప్పున ఎక్కుతుంది. ఇంత ముందుచూపుతో, పడటాన్ని లెక్కలోకి తీసుకుని ఓ యంత్రాన్ని గీసినవాడెవడో, వాడి చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది.

అసలు విడ్డూరం స్పిండిల్ కింద ఉంది. నిట్టనిలువు ఇరుసు చుట్టూ, బిందె కింద చుట్టకుదురులా ఓ కట్టు కూర్చుని ఉంటుంది. పేరు స్వాష్‌ప్లేట్. నిజానికి అది ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు కట్లు, మధ్యలో బేరింగు. కింది కట్టు తిరగదు. దాన్ని మూడు సర్వో మోటార్లు మూడు పక్కల నుంచి పట్టుకుని ఉంటాయి. పై కట్టు రెక్కలతో పాటు గిరగిరా తిరుగుతుంది. దాని నుంచి రెండు లింకులు రెండు రెక్కల పిడులకు వెళతాయి. రిమోట్‌లో పుల్లను కదిపితే మూడు సర్వోలూ కలిసి కట్టును పైకెత్తుతాయి. అప్పుడు రెండు రెక్కలూ ఒకేసారి ఏటవాలు పెంచుకుంటాయి, హెలికాప్టర్ లేస్తుంది. అంటే పైకి లేవడానికి రెక్కలు ఇంకా వేగంగా తిరగనక్కర్లేదు! వేగం దాదాపు అంతే ఉంటుంది, కోణం మారుతుంది. ఇన్నాళ్ళూ స్కూటర్ లాగా యాక్సిలరేటర్ ఇస్తే పైకి పోతుందనుకునేవాళ్ళం మనం.

ముందుకు పోవాలంటే? సర్వోలు కట్టును ఒక పక్కకు వంచుతాయి. అప్పుడు తిరిగే రెక్క ఒక్కో చుట్టులో ఒకచోట ఎక్కువ ఏటవాలుగా, దాని ఎదురుచోట తక్కువ ఏటవాలుగా మారుతూ పోతుంది. దాంతో రెక్క వెనక్కి వచ్చినప్పుడు పైకి లేస్తుంది, ముందుకు వచ్చినప్పుడు కిందికి వాలుతుంది, ముక్కు వంగుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ, ప్రతి చుట్టులోనూ కోణం పెంచుకుని తగ్గించుకుని! వాడు రెక్కల్ని చేత్తో మెల్లగా తిప్పి చూపించాడు. పిడి ఓ చోట కొద్దిగా లేచి, ఎదుటి చోట కొద్దిగా వాలడం స్పష్టంగా కనిపించింది. నాచేత కూడా తిప్పించాడు. ఎన్నిసార్లు తిప్పానో!

అక్కడే ఇంకో మెలిక ఉంది. రెక్కకు వెళ్ళే లింకు సరిగ్గా ఆ రెక్క కిందే ఉండాలి కదా? ఉండదు. పావు చుట్టు పక్కకు జరిగి ఉంటుంది. "ఇది తప్పు బిగించారేమోరా" అని అడిగాను. అప్పుడు వాడు సైకిల్ చక్రం విప్పుకొచ్చాడు. ఇరుసును రెండు చేతులతో పట్టుకోమని, చక్రాన్ని గట్టిగా తిప్పి, ఇప్పుడు వంచమన్నాడు. నేను ఒకవైపు వంచబోతే చక్రం ఇంకోవైపు తిరగబోయింది, చేతుల్లో ప్రాణమున్నట్టు మొండికేసింది. తిరిగే వస్తువును ఒకచోట తోస్తే ఆ తోపు ఫలితం పావు చుట్టు తర్వాత కనిపిస్తుంది. రెక్కలకూ అదే న్యాయం. అందుకే కోణం మార్చే ఆజ్ఞ పావు చుట్టు ముందుగానే అందాలి. ఇది తెలిసినవాడు లింకును అక్కడ పెట్టాడు. తెలియనివాడు పెడితే ముందుకు పొమ్మన్న యంత్రం పక్కకు పోతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. ఈ విద్యంతా కిందపడి నేర్చుకున్నదేనని అప్పుడు తెలిసింది. స్పెయిన్‌లో హువాన్ దె లా సియెర్వా అనే ఇంజనీరు పైన స్వేచ్ఛగా తిరిగే రెక్కలున్న విమానాలు కట్టాడు. మొదట కట్టినవి లేవబోతూనే పక్కకు ఒరిగిపోయేవి. కానీ ఆయన చేసిన చిన్న మోడల్ మాత్రం చక్కగా ఎగిరేది. ఎందుకు? మోడల్ రెక్కల్లో పేము బద్దలు వాడాడు. అవి వంగుతాయి. ఎదురుగాలిలోకి వెళ్ళే రెక్కకు లిఫ్టు ఎక్కువ, వెనక్కి వచ్చే రెక్కకు తక్కువ. పేము రెక్క పైకీ కిందికీ ఊగి ఆ తేడాను సర్దుకుంది, పెద్ద యంత్రం బిర్రబిగిసిన రెక్క సర్దుకోలేక యంత్రాన్నే బోర్లా పడేసింది. దాంతో ఆయన రెక్కల మొదట్లో మడత బందులు పెట్టాడు, 1923 జనవరిలో ఆ యంత్రం ఎగిరింది. పెద్ద యంత్రానికి చిన్న బొమ్మ పాఠం చెప్పిందన్నమాట.

అంతకంటే నాకు నచ్చిన మనిషి ఆర్థర్ యంగ్. అమెరికాలో లెక్కలు చదివి, పెన్సిల్వేనియాలో ఓ పాత పశువుల కొట్టం చూసుకుని, ఏళ్ళ తరబడి మోడల్ హెలికాప్టర్లు చేశాడు. ఎలక్ట్రిక్ మోటారు, దూరం నుంచి తీగలతో నడపడం. పడేవి, విరిగేవి. బాగుచేసి మళ్ళీ ఎగరేసేవాడు. రెక్కలకు అడ్డంగా, చివర్లలో బరువులున్న ఓ కడ్డీని పెడితే, అది తిరుగుతూ తన సమతలాన్ని వదలకుండా ఉండి, ఒరిగిపోతున్న రెక్కను సరిచేస్తుందని అక్కడే కనిపెట్టాడు. మోడల్‌ను కొట్టం తలుపులోంచి బయటికి పంపి మళ్ళీ లోపలికి తెచ్చేవాడట. 1941లో దాన్ని బెల్ కంపెనీకి చూపించాడు. అక్కణ్ణుంచి బెల్ 47 పుట్టింది. 1946 మార్చిలో పౌర వినియోగానికి సర్టిఫికెట్ పొందిన తొలి హెలికాప్టర్ అదే. ఆ యంత్రం ఒకటి ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో కళాఖండంగా వేలాడుతోంది. రిమోట్ మోడళ్ళ సంగతికొస్తే, జర్మనీలో డీటర్ ష్లూటర్ 1970లో తన మోడల్‌ను 27 నిమిషాల 51 సెకన్లపాటు గాల్లో ఉంచాడు, 11.5 కిలోమీటర్ల దూరం నడిపించాడు. అప్పటి మోడళ్ళ తల మీద యంగ్ కడ్డీ వంశానికి చెందిన కడ్డీయే ఉండేది. ఇప్పటి మోడళ్ళలో చాలావాటికి ఆ కడ్డీ లేదు. దాని పనిని గోరంత సర్క్యూట్ మీద తిరుగుడును పసిగట్టే గైరోలు సెకనుకు వందలసార్లు చేస్తున్నాయి.

మరునాడు సామాన్ల వేట. ఇది కూడా పండగే. స్పిండిల్, గేర్, రెక్కలు ఆన్‌లైన్‌లో తెప్పించాల్సిందే. మిగతావన్నీ మన ఊళ్ళోనే ఉన్నాయి. సన్న తీగలూ, టంకం కడ్డీ మొనా కోఠి గుజరాతీ గల్లీలో. ఆ గల్లీలో నడుస్తుంటే, పాతికేళ్ళ కింద మా ఆయన టేప్‌రికార్డర్ కోసం వచ్చినప్పుడు నాకివన్నీ ఒట్టి ఇనప ముక్కల్లా ఎందుకు కనిపించాయో అర్థం కాలేదు. బుల్లి బేరింగు కోసం రాణిగంజ్ వెళ్ళాం. కౌంటర్ మీది పెద్దాయన పాత బేరింగును వేళ్ళ మధ్య పెట్టి ఒక్కసారి తిప్పి, "ఒక గుండు దెబ్బతిన్నది, గరగర అంటుంది" అన్నాడు. నా చేతికిచ్చాడు. నిజమే, వేలి చివరకు తెలిసింది. మన చుట్టుపక్కల జీడిమెట్ల, బాలానగర్ పొడుగునా లేత్ షాపులు, టూల్ రూములు. వెంట్రుకవాసి కొలతల్లో ఇనుము కోసే చేతులు ఎన్ని ఉన్నాయో ఇక్కడ! నర్సాపూర్ రోడ్డు మీద బస్సులో పోతూ ఆ బోర్డుల్ని ఇప్పుడు చదువుకుంటూ పోతున్నాను.

బిగించే రోజు నేనే ముందు టవల్ పరిచాను.

తెగిన టంకం మళ్ళీ పెట్టాం. తోక గొట్టం బీట వారింది. కొత్తది వచ్చేదాకా బీట మీద దారం బిగించి చుట్టి, ఫెవిక్విక్ చుక్కలు వేశాడు. రాయిలా బిగిసింది. "రెక్కకు కూడా అతికించరాదా" అన్నాను. వాడు పెన్సిల్, కాగితం తీశాడు. రెక్క బరువు మూడు గ్రాములు. నిమిషానికి నాలుగు వేల చుట్లు. బరువు కేంద్రం ఇరుసుకు ఆరు సెంటీమీటర్ల దూరం అనుకుందాం. లెక్క కడితే ఆ మూడు గ్రాముల రెక్క మూడు కిలోలకు పైగా బరువుతో బయటికి లాగుతుంది! లెక్కల మనిషిని, రెండుసార్లు కట్టి చూశాను, అంతే వచ్చింది. అతికించిన రెక్క ఊడితే ఎవరి కంటికి పోతుందో చెప్పలేం. రెక్క విరిగిందంటే పారేయడమే, జత మొత్తం మార్చడమే. ఎగరేసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోవడం, దూరంగా నిలబడటం అందుకే.

గేర్ బిగించేటప్పుడు చూసిన కిటుకు ముచ్చటైనది. మోటారు చిన్న పళ్ళ చక్రానికీ, పెద్ద గేర్‌కూ మధ్య ఎంత సందు ఉండాలి? మరీ నొక్కితే అరుగుతుంది, వదులైతే పళ్ళు జారుతాయి. ఆర్టీసీ టికెట్ ముక్క ఒకటి మధ్యలో పెట్టి, రెండింటినీ దానికి ఆనించి మోటారు స్క్రూలు బిగించి, టికెట్ లాగేశాడు. ఆ కాగితం మందమే కావలసిన సందు. నా పర్సులోని గండిమైసమ్మ టికెట్ అది!

లోహంలోకి దిగే స్క్రూలకు నీలి రంగు లాక్‌టైట్ రాయాలి, లేకపోతే కంపనానికి వదులవుతాయి. దాని గుణం తెలిసి ఆశ్చర్యపోయాను. గాలి తగులుతున్నంతసేపూ ద్రవంగానే ఉంటుంది. గాలి అందని మరల సందుల్లో, లోహాన్ని తాకి, అప్పుడు గడ్డకడుతుంది. 1953లో వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ చేసిన మందు ఇది. ప్లాస్టిక్‌కు మాత్రం రాయకూడదు, పగుళ్ళు తెస్తుంది. రెక్క మరనేమో అసలు గట్టిగా బిగించనే కూడదు. హెలికాప్టర్‌ను పక్కకు తిప్పి పట్టుకుంటే రెక్క దానంతటది వాలిపోకూడదు, కొంచెం కుదిపితే వాలాలి. అంత బిగువు. ఎందుకంటే తిరిగేటప్పుడు బయటికి లాగే ఆ మూడు కిలోల బలమే రెక్కను తిన్నగా నిలబెడుతుంది. దానికి కాస్త సందు ఇవ్వాలి.

మళ్ళీ గోడౌన్. మొదటిసారి తిప్పగానే ఒళ్ళంతా వణికింది. వాడు ఒక రెక్క కొనకు ఎర్ర టేపు, రెండోదానికి నల్ల టేపు అంటించాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, అంత దూరం నుంచి రెక్కల మట్టానికి వంగి చూస్తే వలయం అంచు రెండు గీతలుగా కనిపించింది. ఎర్రది పైన, నల్లది కింద. అంటే రెండు రెక్కలూ ఒకే దారిలో నడవడం లేదు. బ్యాటరీ తీసి, ఎర్ర రెక్క లింకును అర చుట్టు తిప్పి పొట్టి చేశాడు. మళ్ళీ తిప్పితే ఒక్కటే గీత! వణుకు మాయం. లేచింది. నేల దగ్గర తన గాలి మీదే తను తేలుతూ కాస్త తడబడింది, నడుమెత్తు దాటగానే కుదురుకుంది. నేను చప్పట్లు కొట్టాను. గోడౌన్ రేకులకు ఆ చప్పుడు మార్మోగింది.

ఇంజెన్యూటీ గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి న్యాయం జరగదు. అంగారకుడి మీద 2021 ఏప్రిల్ 19న నాసా ఎగరేసిన హెలికాప్టర్. బరువు 1.8 కిలోలు, ఒకదాని మీద ఒకటి ఎదురెదురు దిక్కుల్లో తిరిగే రెండు జతల రెక్కలు, కొన నుంచి కొనకు 1.2 మీటర్లు. ఎదురెదురు తిరుగుతాయి కాబట్టి తోక రెక్క అవసరం లేదు. ఈ మాట ఇప్పుడు నేను తడుముకోకుండా చెప్పగలను! అక్కడి గాలి భూమి మీది గాలిలో నూరో వంతు సాంద్రత, అందుకే నిమిషానికి 2,400 చుట్లకు పైగా తిరగాలి. దాని చీఫ్ ఇంజనీరు బాబ్ బలరాం మన మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ స్కూల్లో చదువుకున్నాడు, ఆ తర్వాత మద్రాసు ఐఐటీ. మొదట ప్రయోగశాలలో, అంగారకుడి మీదున్నంత పలచని గాలి నింపిన గదిలో, చిన్న మోడల్‌ను మనిషి చేత్తో నడిపితే అది అదుపు తప్పి కొట్టుకుంది. మనిషి చెయ్యి సరిపోదు, కంప్యూటరే పట్టుకోవాలని అలా తేలింది. అయిదు సార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది. 2024 జనవరి 18న, గుర్తులేవీ లేని నున్నటి ఇసుక తిన్నెల మీద తన దారి తను పోల్చుకోలేక గట్టిగా దిగి, రెక్కలు విరగ్గొట్టుకుంది. ఓ రెక్క పదిహేను మీటర్ల దూరాన ఇసుకలో పడి ఉన్న ఫొటో చూశాను. స్పిండిల్ మార్చడానికి, ఇంకో జత రెక్కలు బిగించడానికి అక్కడ ఎవరూ లేరు. ఆ ఫొటో చూసి నాకు నిజంగా దుఃఖం వచ్చింది. బల్ల మీద టవల్ పరిచి, టికెట్ ముక్క పెట్టి బాగుచేసుకోగలగడం ఎంత భాగ్యమో!

మీకూ మొదలుపెట్టాలనిపిస్తే (అనిపించాలనే ఇంత రాశాను) నేను తెలుసుకున్న నాలుగు మాటలు. మొదటిది ఇంజెన్యూటీ పద్ధతిలోదే కొనండి. పైనా కిందా ఎదురెదురు తిరిగే రెక్కల రకం. దానంతటదే నిలబడుతుంది, గదిలో ఎగురుతుంది, చెయ్యి కుదురుతుంది. స్వాష్‌ప్లేట్‌తో రెక్కల కోణం పూర్తిగా మారే రకానికి ఆ తర్వాత రండి. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ ఉంటుంది, దాని మీద ఎంత కావాలంటే అంత కూలగొట్టుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఏ మోడల్ స్పేర్ పార్టులు దేశంలో తేలిగ్గా దొరుకుతాయో కనుక్కుని ఆ మోడల్ కొనండి. హెలికాప్టర్‌తో పాటే రెండు జతల రెక్కలు, రెండు స్పిండిళ్ళు, ఒక గేర్, తోక మోటారు ఒకటి తెప్పించుకోండి. మంచి స్క్రూడ్రైవర్లకు డబ్బు పెట్టండి. నాసిరకపు మొన స్క్రూ తల అరగదీస్తే అది బయటికి రాదు. మీ ఇల్లు ఏ జోన్‌లో ఉందో మ్యాపులో చూసుకోండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే, పడ్డప్పుడు తిట్టకండి, పక్కన కూర్చుని భూతద్దం పట్టుకోండి.

నేను ఆ రెండు అంతస్తుల రెక్కలదే ఆర్డర్ పెట్టాను, స్పేర్లతో సహా. గురువారానికి వస్తుందన్నారు. పెట్టె విప్పగానే ముందు దాని తల విప్పి చూద్దామని మా కింది ఫ్లాట్ అబ్బాయీ, నేనూ అనేసుకున్నాం.